ముత్తాత పారిపోయాడా? జవాబు పతకం వెనకాలే ఉంది!

“మీ ముత్తాత మిలిటరీ నుంచి పారిపోయొచ్చాడంట కదా?”

సంక్రాంతికి ఊరెళితే రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన నన్నడిగిన మొదటి మాట ఇది. గురజాల పక్కన పల్లెటూరు మాది. నేను నవ్వేసి ఊరుకున్నా. పక్కనే ఉన్న తాతయ్య మాత్రం నవ్వలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

“నాయన 1942లో వెళ్లేటప్పటికి నేను ఉయ్యాల్లో ఉన్నా. తిరిగొచ్చేసరికి నాలుగేళ్లు. ఒక రాత్రి చలిజ్వరంతో వచ్చి పడుకున్నాడంట. ఎక్కడికెళ్లాడో, ఏం చేశాడో ఎవరికీ చెప్పలేదు. అందుకే ఊళ్లో ఆ మాట పుట్టింది. దాని గురించి బడిలో కొట్టుకున్నాన్రా నేను” అన్నాడు తాతయ్య.

ఆయనకిప్పుడు 84. నిజమేంటో ఆయన ఉండగానే తేల్చాలనిపించింది. చేతిలో ఫోనుంది, నెట్‌ ఉంది, ఎంతసేపు పడుతుందిలే అనుకున్నా.

గూగుల్‌లో దొరకలేదు

ముందు కామన్వెల్త్‌ వార్‌ గ్రేవ్స్‌ కమిషన్‌ వెబ్‌సైట్‌లో వెతికా. ఉచితమే. ముత్తాత పేరును ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా కొట్టి చూశా. అలాంటి పేర్లు చాలా వచ్చాయి, మా ఊరు మాత్రం రాలేదు. అర్ధరాత్రి దాటాక గానీ నా బుర్రకి వెలగలేదు. అందులో ఉండేది యుద్ధకాలంలో చనిపోయినవాళ్ల పేర్లు. మా ముత్తాత 1971లో మా ఇంట్లో, నులక మంచం మీద పోయాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో మన సైన్యంలో సుమారు 25 లక్షల మంది పనిచేశారు. 87 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ల పేర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. బతికొచ్చిన లక్షల మంది గురించి తెలుసుకోవాలంటే దారి వేరు. ఆ దారి మన ఇంట్లోంచే మొదలవుతుంది.

ట్రంకు పెట్టెలో నక్షత్రం

అటక మీద ముత్తవ్వ ట్రంకు పెట్టె ఉంది. పాత పట్టాదారు కాగితాలు, చెదలు తిన్న పంచాంగాల కింద నల్లబడిన ఆరు మొనల లోహపు నక్షత్రం దొరికింది. మధ్యలో కిరీటం, చుట్టూ ఇంగ్లిష్‌లో ‘ది బర్మా స్టార్‌’ అని ఉంది.

అమ్మ చింతపండు పెట్టి తోముతానంది. వద్దని లాక్కున్నా. తోమితే దాని మీద చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. గదిలో లైటు ఆపేసి, ఫోన్‌ టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా పెట్టి చూస్తే వెనకవైపు సన్నటి అక్షరాలు కనిపించాయి. ఒక నంబరు, శాపర్‌ అనే హోదా, సగం పేరు, ‘మద్రాస్‌ ఎస్‌ అండ్‌ ఎం’. ఇంటిపేరు లేదు.

తర్వాత చదివితే తెలిసింది. బ్రిటిష్‌ సైనికులకు ఇచ్చిన స్టార్‌ల మీద పేర్లుండవు, మన సైనికులకు ఇచ్చినవాటి మీద చెక్కారు. 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 దాకా జరిగిన బర్మా యుద్ధంలో పనిచేసినవాళ్లకిచ్చే పతకం ఇది. ‘ఎస్‌ అండ్‌ ఎం’ అంటే శాపర్స్‌ అండ్‌ మైనర్స్‌. రోడ్లు, వంతెనలు వేయడం, మందుపాతరలు తీయడం వాళ్ల పని. బర్మాలో కలేవా దగ్గర చింద్విన్‌ నది మీద 1944 డిసెంబరులో సైనిక ఇంజినీర్లు 1,154 అడుగుల తేలే వంతెన వేశారు.

“నాగార్జునసాగర్‌ కట్టేటప్పుడు నాయన అక్కడ కూలికెళ్లాడ్రా. రాళ్లు పేల్చే మందు దగ్గర అందరూ భయపడితే ఈయన మాత్రం తాపీగా కూర్చునేవాడంట” అని తాతయ్య గుర్తు చేసుకున్నాడు.

అయినా అనుమానం తీరలేదు. బర్మా వెళ్లాడు సరే, అక్కణ్నుంచి ఎలా వచ్చాడు?

ఒక్క వరుస

మద్రాస్‌ శాపర్స్‌ కేంద్రం బెంగళూరులో ఉంది. వాళ్ల రికార్డ్‌ ఆఫీసుకి తాతయ్య పేరుతో దరఖాస్తు పెట్టాం. పతకం రెండువైపుల ఫొటోలు, సర్వీసు నంబరు, తాతయ్య ఆధార్‌ కాపీ, బంధుత్వం రుజువు జతచేశాం.

ఇక్కడ ఒక చిక్కుంది. పింఛను రాని సైనికుల పూర్తి ఫైళ్లను 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. లాంగ్‌ రోల్‌ అనే పెద్ద రిజిస్టరు మాత్రం శాశ్వతంగా ఉంచుతారు. మాకు వచ్చింది అందులోని ఒక్క వరుసే. నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు. ఊరి పక్కన ‘పల్నాడు తాలూకా, గుంటూరు జిల్లా’. పల్నాడు జిల్లా 2022లో వచ్చింది గానీ, ఆ పేరుతో తాలూకా అప్పుడే ఉంది. ఇంటిపేరు లేకపోయినా, ఆయనే అని తేలిపోయింది.

చివర్లో 1946 నాటి తేదీ, బయటికొచ్చిన కారణం. యుద్ధం ముగిశాక సైన్యాన్ని తగ్గించడంలో భాగంగా విడుదల.

తాతయ్యకి తెలుగులో చదివి వినిపించా. రెండోసారి చదవమన్నాడు. చదివా. కాసేపు కాగితాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆ మాట మొదట అన్నవాళ్లెవరూ ఇప్పుడు లేరు.

“జిరాక్స్‌లు ఓ పది తీయించుకు రారా” అన్నాడు. “రచ్చబండ దగ్గరికి పోవాలి.”

మీరూ వెతకాలంటే

- పేరు కంటే సర్వీసు నంబరు ముఖ్యం. పతకాలు, డిశ్చార్జి కాగితాలు, పాత మనియార్డర్‌ రసీదులు, ఉత్తరాలు చూడండి.
- యూనిట్‌ని బట్టి రికార్డ్‌ ఆఫీసు మారుతుంది. మద్రాస్‌ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్‌, ఆర్టిలరీకి నాసిక్‌, సిగ్నల్స్‌కి జబల్‌పూర్‌, ఈఎంఈకి సికింద్రాబాద్‌.
- యుద్ధంలో చనిపోయినవాళ్లయితే వార్‌ గ్రేవ్స్‌ కమిషన్‌ సైట్‌లో వెతకండి. ఒక్క రంగూన్‌ స్మారకం మీదే దాదాపు 27 వేల పేర్లున్నాయి.
- అన్నిటికంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. వాళ్లు చెబుతుంటే ఫోన్‌లో రికార్డ్‌ చేయండి.