గర్భిణికిచ్చు మాత్ర వెనుక నొక విదుషి

బోధన్ ప్రాంతమున గర్భవతి యున్న యింట గూటిలో మాత్రల పొట్లమొకటి తఱచుగ కానవచ్చును. ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలవి. వికారము పుట్టించునని, మలము నల్లబడునని, బిడ్డ మిక్కిలి పెరిగి కాన్పు కష్టమగునని భయపడి కొందఱు వానిని మ్రింగరు. ఆ మాత్ర పుట్టుక యెట్టిదో తెలిసినచో సోదరీమణులు దానినంత తేలికగ త్రోసిపుచ్చజాలరని మా నమ్మకము.

మంజీరపై నిజాంసాగరము పూర్తియై ఈ సీమకు చెఱకు పండించు నీరు లభించిన 1931వ సంవత్సరముననే, లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యవిదుషి తన పరిశోధనాఫలమును ప్రకటించెను. ఆమె 1928లో బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణుల ప్రాణములు తీయుచున్న రక్తహీనతను పరిశీలించెను. అది అంటురోగము కాదనియు, ఆహారలోపమే దానికి మూలమనియు గ్రహించెను. బీరు తయారగుచోట మిగిలిన ఈస్టునుండి తీసిన మార్మైట్ అను చౌకయైన సారము నీయగా రోగులు శీఘ్రముగ కోలుకొనిరి. అందలి గుణకారి యేదో అప్పటికి తెలియలేదు.

1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరను పోలిన స్పినాచి ఆకులనుండి ఆ పదార్థమును వేఱుచేసి, ఆకు అను నర్థము వచ్చు లాటిను మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ సంస్థయందు పరిశోధనలకు నాయకులై యుండగా, 1945లో వారి బృందము దానిని కృత్రిమముగ తయారుచేసెను. మాత్రగా మన చేతికి వచ్చినది అందువలననే.

1991లో మఱియొక సంగతి బయల్పడెను. వెన్నుపాము లోపముగల బిడ్డను కనిన తల్లులు మరల గర్భము ధరింపకముందే ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనినచో, ఆ లోపము మరల వచ్చుట నూటికి 72 పాళ్లు తగ్గెను. బిడ్డ వెన్నుపాము గర్భధారణమైన 28 దినములలోనే రూపొందును. అనేకులకు గర్భమైన సంగతియే అప్పటికి తెలియదు. కావున గర్భము కోరు వనిత ముందుగనే దినమునకు 400 మైక్రోగ్రాములు పుచ్చుకొనుట మేలు. పూర్వము అట్టి బిడ్డను కనినవారికి వైద్యులు ఎక్కువ మోతాదు నిర్ణయింతురు.

నాలుగవ మాసమునుండి ఇనుము చేరిన మాత్ర దినమునకొకటి చొప్పున 180 దినములు, కాన్పు పిమ్మట మఱి 180 దినములు పుచ్చుకొనవలెను. వికారము కలిగినచో రాత్రి భోజనానంతరము మ్రింగవచ్చును. టీతో మ్రింగరాదు, నిమ్మరసము మేలుచేయును. మలము నల్లబడుట హానికరము కాదు. మాత్రవలన బిడ్డ మితిమీరి పెరుగదు.

చెఱకుసీమ కావున బెల్లమే రక్తమిచ్చునను మాట ఇచ్చట వాడుక. బెల్లమందు ఇనుము కొంత కలదుగాని, అది మాత్రకు సాటిరాదు. ఆకుకూరలు, పెసలు, శనగలు నిత్యము వండుడు, అతిగా ఉడికింపకుడు. కోడలు ఆ దినము మాత్ర మ్రింగినదో లేదో అడుగు బాధ్యతను అత్తగారు వహించిన యింట ఆ పొట్లము గూటిలో వ్యర్థముగ పడియుండదు.