వాడపల్లి వెంకన్న: మాల లేదు, గురుస్వామి లేడు.. మరి ఏడు శనివారాల మొక్కు ఎలా మొదలవుతుంది?

శనివారం వచ్చిందంటే చాలు.. రావులపాలెం నుంచి వాడపల్లి దారంతా కిటకిటే. కోనసీమ జిల్లా ఆత్రేయపురం మండలంలో, గౌతమీ గోదావరి ఒడ్డున ఉందీ గుడి. ఇక్కడి స్వామి మూర్తి రాయి కాదు, ఎర్రచందనం కొయ్య. జనం పిలిచే పేరు ఏడు శనివారాల వెంకన్న.

అయ్యప్ప దీక్షకైతే మాల వేయించుకోవాలి, 41 రోజులు నియమాలు పాటించాలి. ఇక్కడ అవేవీ లేవు. మొదటి శనివారం స్వామిని తలచుకుని, కోరిక మనసులో చెప్పుకుంటే అదే సంకల్పం. గుడి చుట్టూ 7 ప్రదక్షిణలు, ఆపై దర్శనం. ఇలా 7 వారాలు.

వినడానికి తేలికే! అసలు కష్టం నాలుగో వారం నుంచి మొదలవుతుంది. ఇంట్లో పెళ్లి పడుతుంది, సెలవు దొరకదు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకైతే ప్రతి శుక్రవారం రాత్రీ ప్రయాణమే. మరి మధ్యలో నెలసరి వస్తే? చాలామంది ఆడవాళ్లు ఆ వారం ఆగి, తర్వాతి శనివారం నుంచి లెక్క కొనసాగిస్తారు. ఎన్ని వారాలయ్యాయో అడిగేవాళ్లు గుడిలో ఎవరూ ఉండరు. మొక్కుకున్నదీ మీరే, లెక్క చూసుకోవాల్సిందీ మీరే.

కొత్తగా మొదలుపెడుతున్నారా? రద్దీ తప్పాలంటే తెల్లవారుజామునే చేరుకోండి.