ఇంటి వంటకు రొయ్యలు, చేపలు

పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాలలో చెరువులు త్రవ్వి రొయ్యలను, చేపలను పెంచు రైతు లనేకులు గలరు. పంట యంతయు మంచుపెట్టెలలో దూరదేశములకు పోవుచుండ, పెంచినవారి యింట పప్పుచారే యుడుకుట మేమెరుగుదుము. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన దేశపు సరకులపై సుంకమును నూటికి 50 వంతులు చేయగా రొయ్యల రైతు మిక్కిలి చిక్కుపడెను. కిలో రొయ్యలు ఇంటికి తెచ్చుకొన్నంతమాత్రమున బజారు చక్కబడదు. కాని పిల్లలకు మంచి మాంసకృత్తులు లభించును.

పని యెక్కువయని గృహిణులు వెనుదీయుదురు. తల, పెంకు తీసి, వీపునందలి నల్లని నరమును లాగివేసి, ఉప్పు, పసుపు వేసి కడిగినచో కష్టము తీరినట్లే. ఉల్లిపాయలు, అల్లము, వెల్లుల్లి నూనెలో వేగిన పిమ్మట రొయ్యలను వేయవలెను. నీరు పోయనక్కరలేదు, వానినుండియే యూరును. ఆ నీరు ఇగురగనే దింపవలెను. ఎక్కువసేపుంచిన రొయ్య రబ్బరువలె సాగును. ఈ తప్పు మేమును చేసినవారమే. చింతచిగురు దొరుకు దినములలో దానిని నలిపి కలిపిన చాలును, మసాలా దండుగ.

చేప కొనునప్పుడు మొప్పలు ఎర్రగాను, కన్ను తేటగాను ఉండవలెను. శీలావతి, బొచ్చె ముక్కలకు చింతపండు పులుసే తగును. పులుసు మరిగిన తరువాత ముక్కలు వేసి, గరిటె పెట్టక, దాకను పట్టుకొని కుదుపవలెను. లేకున్న ముక్క చిదిగిపోవును. రాత్రి వండిన పులుసు మరునాటి యుదయమునకు మరింత రుచి. దానిని మరల మరిగించి, చెరువుగట్టునకు పోవువారికి చద్దియన్నములో వడ్డింపుడు.