దొంగ వేషములో కావలివాడు

“మాస్టారండీ, క్రోములో వచ్చిన పేజీ ఫైర్‌ఫాక్సులో రాదేటండి? రెండూ ఒక్క కంప్యూటరులోవే కదా!” అని విజయనగరములో ఒక విద్యార్థి ప్రయోగశాలలో నన్నడిగినప్పుడు, ఆ గదిలోని వారందరును నెట్టును, తీగను, తుదకు విద్యుచ్ఛక్తిని సైతము అనుమానించిరే కాని, ఆ యంత్రమునకు రక్షకుడై కూర్చున్న యాంటీవైరసును మాత్రమెవరును శంకింపలేదు. తెరపైన, ఈ సర్టిఫికెట్టును జారీ చేసిన వారెవరో తెలియదను భావముతో ఒక హెచ్చరిక నిలిచియుండెను. ఎల్లరును విసుగుతో మూసివేయు ఆ హెచ్చరిక యనిన నాకు మహాప్రీతి. ఏలయన బ్రౌజరు, యాంటీవైరసు అను ఇద్దరు కావలివాండ్ర చిరవైరమంతయు ఆ ఒక్క వాక్యములో ఇమిడియున్నది.

అడ్రస్ బారులోని తాళము గుర్తు వెనుక నున్న సూక్ష్మము 1976లో డిఫీ, హెల్‌మాన్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు లోకమునకు వెల్లడించిన జంట తాళపుచెవుల ఊహనుండి పుట్టినది. ఒక చెవి బహిరంగము, రెండవది రహస్యము. రహస్యపు చెవితో చేసిన సంతకమును బహిరంగపు చెవి గలవాడెవడైనను పరీక్షింపగలడు గాని, అట్టి సంతకమును తాను చేయజాలడు. బ్యాంకు సైటు తన బహిరంగపు చెవిని ఒక సర్టిఫికెట్టులో పెట్టి చూపును. దానిపై ధ్రువీకరణ సంస్థ యొకటి సంతకము చేసియుండును. ఆ సంస్థకు మరియొక సంస్థ జామీను. ఇట్లు మెట్టు మెట్టుగా పైకెక్కి, తుదకు ఎవరి జామీనును అక్కరలేని ఒక మూలపత్రము వద్ద బ్రౌజరు ఆగును. ఆ మూలపత్రము తన నమ్మకపు పట్టీలో నున్నదా, తాళము పడును. లేదా, పేజీ ఆగును. ఈ పట్టీ ఎక్కడున్నదను దానిలోనే మన విద్యార్థి ప్రశ్నకు జవాబున్నది. విండోసునకు ఒక పట్టీ కలదు. క్రోము చిరకాలము దానినే నమ్ముకొని, 2022లో సొంత పట్టీ నేర్పరచుకొన్నను, యంత్రపు యజమాని విండోసులో చేర్చిన పత్రములను నేటికిని మన్నించును. ఫైర్‌ఫాక్సు మొదటినుండియు తన పట్టీ తనదేయని భీష్మించుకొన్నది.

ఆ పంతము నిష్కారణమైనది కాదు. 2014 జూలైలో, మన దేశపు జాతీయ ఇన్ఫర్మేటిక్స్ కేంద్రము (ఎన్.ఐ.సి.) ద్వారా గూగుల్ పేర్లతో అనధికార సర్టిఫికెట్లు వెలువడినట్లు బయటపడినప్పుడు, వానికి జామీనైన భారత ప్రభుత్వ మూలపత్రము విండోసు పట్టీలో నుండుటచేత దాని నాశ్రయించిన బ్రౌజర్లకు ప్రమాదము కలిగెను. ఆ పత్రమును చేర్చుకొనని ఫైర్‌ఫాక్సు బయటపడెను.

ఇక యాంటీవైరసు సంకటము చూడుడు. సైట్లన్నియు తాళము వేసికొనుటతో, బయట కాపున్న దానికి కంటబడునది అర్థరహితమైన అక్షరరాశి మాత్రమే. విషము లోపలికి పోవుచున్నను తెలియదు. అందుచేత అది పన్నిన ఉపాయము, దొంగ పన్నదగినదే యైనను, ఎంతయు రమ్యము. తన్ను యంత్రములో ఎక్కించునాడే అది తన సొంత మూలపత్రమొకటి విండోసు పట్టీలో చేర్చుకొనును. బ్రౌజరు బ్యాంకును పలుకరింపగానే ఆ పలుకును దారిలో పట్టి ఆపి, తానే బ్యాంకు వద్దకు పోయి, అసలు సర్టిఫికెట్టును పరీక్షించి, వెనుకకు వచ్చి, బ్యాంకు పేరు గల క్రొత్త సర్టిఫికెట్టు నప్పటికప్పుడు వ్రాసి, దానిపై తన సంతకము చేసి బ్రౌజరునకిచ్చును. లక్కముద్ర విప్పి, ఉత్తరము చదివి, మరల తన ముద్ర వేసి అందించు పోస్టుమాస్టరు వంటిది దీని వరుస. విశేషమేమన, ఈ ముద్రను నమ్మవలెనని ఇంటివారికి ముందే చెప్పియుంచినాడు. గూఢలిపి శాస్త్రములో ‘నడిమి మనిషి దాడి’ యనబడునది అక్షరాల ఇదియే. అనుమతి యొక్కటే భేదము. విండోసు పట్టీని చూచు క్రోము ఈ ముద్రను తల యూపి అంగీకరించును. ఫైర్‌ఫాక్సు పట్టీలో దానిని చేర్చుట యాంటీవైరసు మరచినదా, ఆ రోజులలో పేజీ వచ్చెడిది కాదు.

ఈ ముద్రల కర్మాగారములో నాకు మిక్కిలి వినోదము గూర్చినది 2016లో బయటపడిన ఒక లోపము. ప్రతి పర్యాయమును క్రొత్త సర్టిఫికెట్టు వ్రాయుట కాలహరణము గనుక, కాస్పర్‌స్కీ యాంటీవైరసు ఒకసారి వ్రాసిన దానిని దాచి, మరల వెదకికొనుటకు ఒక సంఖ్యను గుర్తుగా పెట్టుకొనెడిది. ఆ గుర్తు 32 బిట్లది. అనగా 429 కోట్ల పైచిలుకు సంఖ్యలు. వినుటకు సముద్రమువలె నున్నను, కంప్యూటరునకిది కొన్ని సెకండ్ల పని! గూగుల్ వారి లోపములు వెదకు బృందమైన ప్రాజెక్ట్ జీరోకు చెందిన టావిస్ ఓర్మాండీ పరిశీలింపగా, అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమందలి మాంచెస్టర్ పట్టణపు సైటునకును, హ్యాకర్ న్యూస్ సైటునకును ఒకే గుర్తు తటస్థించియుండెను. దానితో ఒకదానిని తెరచిన వానికి రెండవదాని సర్టిఫికెట్టు చేతికి వచ్చుచుండెను. యాదృచ్ఛికముగా జరిగినదానిని శత్రువు కోరి జరిపించుట యెంతసేపు? ఆ సంవత్సరాంతమునకు దానిని సరిదిద్దిరి.

తరువాతి కథ వేగముగా చెప్పవచ్చును. ఫైర్‌ఫాక్సు నిర్మాతలలో నొకడైన రాబర్ట్ ఓకల్లహన్, దాని సంస్థయగు మొజిల్లాను వీడిన పిమ్మట 2017 జనవరిలో, మైక్రోసాఫ్టు వారిది తప్ప తక్కిన యాంటీవైరసులను తీసివేయుడని బాహాటముగా వ్రాసెను. ఆ నవంబరులోనే క్రోము వారు, తమ బ్రౌజరు లోపలికి కోడును చొప్పించు యాంటీవైరసు వంటి సాఫ్టువేరులు గలవారికి బ్రౌజరు కూలిపోవుట 15 శాతము అధికమని చెప్పి, ఆ ప్రవేశమును అడ్డగింప నున్నట్లు ప్రకటించిరి. 2019 ఆరంభమున ఫైర్‌ఫాక్సు 65 వెలువడగానే అవాస్ట్, ఏ.వీ.జీ. యాంటీవైరసుల వడపోతతో దానికి పొసగక సైట్లు తెరచుకొనకపోగా, విండోసులో ఆ నవీకరణమునే కొంతకాలము నిలిపివేసిరి. పిమ్మట ఆ ఏడే ఫైర్‌ఫాక్సు 68 కొంత మెత్తబడి, ఇట్టి పొరపాటు ఎదురైనప్పుడు విండోసు పట్టీలో యజమాని చేర్చిన పత్రములను తానే తెచ్చి చూచుకొన నేర్చెను. ఈ రాజీ నాకంతగా రుచింపలేదు గాని, నెట్ సెంటర్ల వారికి ప్రాణము లేచివచ్చినది.

ఇట్టి సర్టిఫికెట్టు హెచ్చరిక వచ్చిన చోట మొదట చూడదగినది గడియారము. తుఫాను వెలిసి కరెంటు వచ్చిన పిదప, మదర్‌బోర్డుపై గుండ్రని బ్యాటరీ చచ్చిన పాత యంత్రము ఏండ్ల క్రిందటి తేదీని చూపును, అంతట మంచి సర్టిఫికెట్టును ఇంకను పుట్టనిదిగా తోచును. గడియారము సరియైనచో అడ్రస్ బారు ఎడమ కొననున్న గుర్తుపై నొక్కి, సర్టిఫికెట్టు ఎవరు జారీ చేసిరో చదువుడు. అచ్చట ధ్రువీకరణ సంస్థకు మారుగా మీ యాంటీవైరసు పేరే కనబడినచో నడిమివాడు దొరకినట్లే. యాంటీవైరసును మొత్తముగా చంపక, దానిలో తాళపు సైట్ల వడపోతనొక్కదానిని ఆపి చూచిన చాలును.

అయినను దోషి యెల్లప్పుడు వడపోతయే కాదు. పలాసలో జీడిపప్పు కంపెనీ యొకదాని లెక్కలు చూచు గుమాస్తా, జీఎస్టీ రిటర్నుకు గడువైన 20వ తేదీ సాయంత్రము, “పొద్దున్నుంచి సైను అవ్వట్నేదు మాస్టారూ” అని ఫోను చేసెను. డిజిటల్ సంతకపు టోకెన్ యంత్రమునకు గ్రుచ్చియే యున్నది, సంతకము చేయించు ఎంసైనరు సాఫ్టువేరు నడచుచునే యున్నది. ఈ ఎంసైనరు అదే కంప్యూటరులో, 127.0.0.1 అను తన యింటి చిరునామాలో, 1585 సంఖ్య గల ద్వారము వద్ద చెవి యొగ్గి కూర్చుండును; బ్రౌజరులోని జీఎస్టీ పేజీ దానిని పిలిచి సంతకము చేయించుకొనును. ఆ చిరునామాను విడిగా బ్రౌజరులో తెరువుమంటిని, ఏమియు రాలేదు. క్రిందటి వారము క్రొత్తగా నెక్కించిన యాంటీవైరసు ఫైర్‌వాలు ఆ ద్వారమును మూసియుండెను. ఎంసైనరును మినహాయింపులలో చేర్చగా ఆ చిరునామా తెరచుకొని సర్టిఫికెట్టు హెచ్చరిక వచ్చెను. తన యింటి ద్వారమే గనుక దానినంగీకరింపుమంటిని. అటుపిమ్మట టోకెన్ పాస్‌వర్డు అడుగు చిన్న కిటికీ తెరపైకి వచ్చినది. వడపోత జోలికి పోనక్కరలేకయే రిటర్ను ఆ రాత్రి దాఖలైనది.