రేడియో విందాం - పాలకేంద్రం వద్ద చర్చిద్దాం

రేడియో విని ఊరకుండడం వేరు, విన్న సంగతిని నలుగురూ కూర్చుని తేల్చుకోవడం వేరు. ఈ తేడా ఎంతటిదో మన దేశంలోనే ఒకసారి పరీక్షించి చూశారు. ఆ సంగతి పాల సంఘాల సభ్యులకు పనికివస్తుందని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1956వ సంవత్సరంలో ఆలిండియా రేడియో పూనా కేంద్రం యునెస్కో సహాయంతో అయిదు మరాఠీ జిల్లాలలో సుమారు 150 గ్రామాలలో రేడియో చర్చా సంఘాలను ఏర్పాటు చేసింది. ఒక్కొక్క సంఘంలో ఇరవై మంది దాకా వుండేవారు. ఒక్కొక్కటి అరగంట చొప్పున 20 కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వ్యవసాయం, ఆరోగ్యం, గ్రామ పరిపాలన వంటివి విషయాలు. ప్రసారం ముగియగానే సభ్యులు లేచి పోకూడదు. విన్నదానిపై చర్చించాలి. కన్వీనరు ఆ చర్చను వ్రాసిపెట్టి, తేలని ప్రశ్నలను రేడియో కేంద్రానికి పంపాలి. కేంద్రం వాటికి తరువాత జవాబు చెప్పాలి. ఈ పద్ధతికి కెనడా రైతుల రేడియో సంఘాలు మాదిరి. అక్కడ 1941 నుంచి 1965 వరకు ఇటువంటి కార్యక్రమం దేశమంతటా నడిచింది.

పూనాలో చేసిన మంచి పని ఏమంటే, చర్చా సంఘాలున్న గ్రామాలతో పాటు, రేడియో వుండి చర్చా సంఘం లేని గ్రామాలను, రేడియో కూడా లేని గ్రామాలను పక్కన పెట్టుకుని చూశారు. చర్చ జరిగిన చోట ప్రజల తెలివిడి బాగా పెరిగింది. రేడియో మాత్రమే వున్న చోట పెరిగింది స్వల్పం. అనగా పెట్టె తెచ్చిపెట్టినంత మాత్రాన పని కాలేదు. 1959 నుంచి ఈ సంఘాలను దేశమంతటా విస్తరింపజేశారు గాని, కాలక్రమేణా అవి నీరసించిపోయాయి. ఎవరి ట్రాన్సిస్టరు వారి చంకలోకి వచ్చిన తరువాత కూడి వినే అవసరం తగ్గడం ఒక కారణమని నా అభిప్రాయం. అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే రెండవసారి ఎవరూ అడగరు, అది ఇంకొక కారణం.

ఇక స్థానిక రేడియో సంగతి. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2006లో కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకు, వ్యవసాయ విజ్ఞాన కేంద్రాలకు కూడా చిన్న రేడియో కేంద్రాలు నడుపుకునే వీలు కల్పించింది. వీటిని కమ్యూనిటీ రేడియో అంటారు. ప్రసారం పది పన్నెండు కిలోమీటర్ల మేర వినబడుతుంది. కార్యక్రమాలలో సగమైనా ఆ ప్రాంతపు ప్రజల పాలుపంచుకోలుతో తయారుకావాలని నిబంధన. జహీరాబాదు దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వారు నెలకొల్పిన సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రారంభమైంది. అనుమతి రాకముందే సుమారు పదేళ్లుగా ఆ మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లను సంఘాలలో వినిపిస్తూ వచ్చారు. చిరుధాన్యాలు, పశువులు, నాటు వైద్యం, పండుగలు, పాటలు, అన్నీ వారి యాసలోనే. పట్నపు భాషలో చెప్పిన సలహా కంటే ఇరుగుపొరుగు ఆడబిడ్డ చెప్పిన మాట త్వరగా చెవికెక్కుతుంది గదా!

రాజకీయాల మాట చాలామంది అడుగుతారు. కమ్యూనిటీ రేడియోలో రాజకీయ వార్తలు, రాజకీయ ప్రచారం చేయరాదు. ఇది కొందరికి కష్టంగా తోచవచ్చు. కాని సహకార చట్టం ప్రకారం సభ్యుని హక్కులేమిటి, సర్వసభ్య సమావేశంలో లెక్కలు ఎలా అడగాలి, ఓటు ఎవరికి వుంటుంది, ఇవి వివరించడం ప్రచారం కాదు, విజ్ఞానం. ఫలానా అభ్యర్థికి ఓటు వేయండి అంటే మాత్రం హద్దు దాటినట్లే.

అసలు లాభం ఆరోగ్య విషయంలో వున్నది. ఈసుకుపోవు రోగమనే బ్రూసెల్లోసిస్‌నే తీసుకోండి. ఈ వ్యాధి సోకిన పశువుకు నెలలు నిండకముందే చూడి పోతుంది. ఈసుకుపోయిన దూడను, మాయను వట్టి చేతులతో తీసినవారికీ, పచ్చిపాలు త్రాగినవారికీ ఇది అంటుకుంటుంది. మనిషికి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు, చెమటలు. మలేరియా అనో టైఫాయిడ్ అనో మందులు మింగుతూ నెలలు గడుపుతారు. డాక్టరుకు "నేను పశువులు మేపుతాను, మా గేదె ఈసుకుపోయింది" అని చెబితే ఆయన ఆ పరీక్ష చేయిస్తారు. ఈ ఒక్క ముక్క రేడియోలో వచ్చినా, ఇంట్లో ఒక్కరే వింటే మరచిపోతారు. పాలకేంద్రం వద్ద అయితే "మా పెద్దమ్మకు అట్లాంటి జ్వరమే" అని ఒకరు అంటారు, ఆరా మొదలవుతుంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసుగల పెయ్యదూడలకు వేసే టీకా సంగతి కూడా అక్కడే బయటికి వస్తుంది. మగదూడలకు ఆ టీకా వేయరు.

గాలికుంటు టీకా విషయం మరీ చిక్కు. టీకా వేస్తే నాలుగు రోజులు పాలు కొద్దిగా తగ్గవచ్చు. దీనికి జంకి పశువులను చేలోకి తోలేవారిని నేను చూశాను. వారిని మందలిస్తే లాభం లేదు. నాలుగు రోజుల తగ్గుదల ఎంత, రోగం వస్తే పోయే పాలెన్ని, ఫ్యాట్ పట్టిక ముందు పెట్టుకుని లెక్క వేయించాలి. ఆ లెక్క రేడియో చేయలేదు, సంఘమే చేయాలి. 2022లో లంపీ చర్మ వ్యాధి ఉత్తర రాష్ట్రాలలో చెలరేగినప్పుడు పాలు త్రాగవచ్చునా అన్న భయం పుట్టింది. ఆ వ్యాధి మనుషులకు రాదు, పాలు కాచి త్రాగవచ్చు. ఇటువంటి వదంతి లేచిన పూటే నిపుణునిచేత ఆ సంగతి చెప్పించకపోతే పాలు అమ్ముకునేవారికే నష్టం.

సాయంత్రం పాలు పోయడానికి వచ్చినవారు క్యాను నిండేవరకు ఎలాగూ నిలబడి వుంటారు. వారంలో ఒకరోజు ఆ సమయానికి కార్యక్రమాన్ని కార్యదర్శి వినిపిస్తే చాలు. చేతి ఫోనులో ముందే పట్టి వుంచినదైనా సరే. తరువాత పావుగంట మాట్లాడుకోవాలి. స్త్రీలను వెనుక నిలబెట్టి మగవారే మాట్లాడడం పనికిరాదు, పశువు జబ్బును మొదట కనిపెట్టేది వారే. ప్రశ్నలను మినిట్స్ పుస్తకంలో కాక వేరే నోటుబుక్కులో వ్రాయండి. ప్రశ్న వ్రాసేటప్పుడు పశువు జాతి, ఈతల సంఖ్య, టీకా వేసిన తేదీ, సంఘం పేరు తప్పక వుండాలి. ఇవి లేని ప్రశ్నకు పశువైద్యుడు జవాబు చెప్పలేడు.