పత్తికట్టెను బూడిద చేయకుడు



పత్తితీత ముగిసినపిదప కట్టెను పెరికి, కుప్పవేసి, నిప్పుపెట్టుట మనకు వాడుక. మఱునాటికి మిగులునది కొంచెము బూడిద మాత్రమే. కట్టెలోని నత్రజని పొగతో పోవును. ఆ కట్టెనే బొగ్గుచేసి నేలకిచ్చితిమేని అది తరతరములు నిలుచును. దక్షిణ అమెరికాలో అమెజాన్ నదీప్రాంతమున పూర్వపు సేద్యగాండ్ర బొగ్గు, పెంట, వంటయింటి చెత్త చేరిన నల్లనేలలు వేయేండ్లు గడచినను నేటికిని సారవంతములై యున్నవి.

చేయు విధము సులభము. పైన 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు కలిగి, అడుగునకు సన్నగిలు గోతిని త్రవ్వవలెను. గాలిలేని దినమున, బాగుగా ఎండిన కట్టె కొంచెము అడుగున వేసి అంటింపవలెను. దానిపై తెల్లని బూడిదపొర కనబడినతోడనే మఱియొక వరుస వేయవలెను. పైమంట క్రిందికి గాలిని పోనీయదు గనుక క్రిందికట్టె బొగ్గగును. గోయి నిండినపిమ్మట నీరుపోసి పూర్తిగా చల్లార్పవలెను. నిప్పు మిగిలెనా, తెల్లవారుసరికి బూడిదయే. నాలుగు పాళ్ల కట్టెకు ఇంచుమించు ఒక పాలు బొగ్గు వచ్చును. కట్టెను, ఎండుకాయలను ఆశ్రయించియుండు గులాబిరంగు పురుగును దీనితో నశించును.

ఇచ్చట మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. మొదటియేట మేమొక సభ్యుని చేనిలో వట్టిబొగ్గును తిన్నగా చల్లించితిమి. మొక్కజొన్న పసుపుబారెను. “అయ్యా, పొయ్యిలో ఉండవలసినదానిని చేనిలో పోయించితిరి” అని ఆ రైతు అనెను. మాకు మాట రాలేదు. వట్టిబొగ్గు నేలలోని నత్రజనిని తానే పట్టుకొనును. మఱుసటియేట బొగ్గును నలుగగొట్టి, అంతే మాగినపెంట కలిపి, పశువుల మూత్రముతో తడిపి, నీడను మూడువారములు మాగనిచ్చి, సాళ్లలో వేయించితిమి. పైరు పచ్చగా నిలిచెను. ఇప్పుడా రైతు తానే గోయి త్రవ్వుకొనుచున్నాడు.

బొగ్గు ఎరువు కాదు. ఎరువును, తేమను దాచు గాదె. పులుపుగల తేలిక ఎఱ్ఱనేలలకు మేలు. క్షారగుణము గలది గావున చవుటినేలలకు వలదు. పశువులు తిను చొప్పను కాల్చుట తగదు.

మొదట 5 సెంట్లలో మాత్రమే వేసి, ప్రక్కనే 5 సెంట్లు వేయక విడువుడు. రెండింటి పంటను వేర్వేరుగ తూచుడు. మా మాటకంటె మీ తక్కెడమాట నమ్మదగినది. గ్రామమున నలుగురు సభ్యులు కలిసిన ఒక గోయి అందఱకును చాలును.