జేగురు ఎరుపు, తెర ఎరుపు

తెలుగులో ఎరుపునకు పేర్ల కొదవ లేదు. కావి, జేగురు, కెంపు, కుంకుమ, ఇటుక, సంజె అని ఒక్కొక్క మాట ఒక్కొక్క ఛాయను పట్టి చూపుతుంది. చీరల అంగడిలో కుంకుమరంగు అడిగినవారికి ఇటుకరంగు చూపితే వెంటనే తల అడ్డంగా ఊపుతారు. ఇంతటి వివేకం గల కన్ను ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం తెర చూపినదే సత్యమని ఊరకుంటుంది. ఛాయాచిత్రాలను కంప్యూటరుపై దిద్దేవారికి ఈ నమ్మకం తెచ్చిపెట్టే చిక్కు సామాన్యమైనది కాదు. కర్నూలు, కడప సీమల రాతిచిత్రాలను తలచుకొన్నప్పుడు ఆ చిక్కు ఎంతటిదో తెలుస్తుంది.

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలోని కేతవరం దగ్గరా, కడప జిల్లా ముద్దనూరు మండలంలోని చింతకుంట దగ్గరా కొండచరియల నీడన ఆదిమ మానవుడు గీసిన బొమ్మలున్నవి. జంతువులు, మనుష్యాకృతులు వానిలో కనిపిస్తాయి. ఎక్కువ భాగం జేగురుతో గీసినవి. కొన్నిచోట్ల తెల్లని సుద్ద వాడినారు. జేగురు అంటే ఇనుము తుప్పుతో కూడిన మన్నే. వేల యేండ్లు రాతిని అంటిపెట్టుకొని ఉండగల గట్టి రంగు అది. అట్లని దానికి చావు లేదనుకోరాదు. ఎండ, వాన, రాతిపై ఊరే తేమ, పశువుల కాపరులు వేసుకొన్న మంటల పొగ, సందర్శకులు బండలపై తమ పేర్లు చెక్కే దురలవాటు, ఇవన్నీ బొమ్మలను కొంచెం కొంచెంగా తినివేసేవే. ఇటువంటి చోట ఛాయాచిత్రం వేడుక వస్తువుగా ఉండిపోదు, సాక్షి అవుతుంది. ఈ యేడు తీసిన చిత్రాన్నీ, పదేండ్ల తరువాత తీయబోయే చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి, రంగు ఎంత వెలిసినదో చూడవలసి ఉంటుంది. రెండింటినీ రెండు పొంతన లేని తెరలపై కంటికి నచ్చినట్లు దిద్ది ఉంటే, వెలిసినది బొమ్మయో, మారినది తెరయో తేల్చి చెప్పగలవారు ఎవరు?

ఈ చిక్కునకు మూలం కంటి స్వభావంలోనే ఉన్నది. చుట్టూ ఉన్న వెలుతురు ఏ రంగుదైనా, దానిలో అన్నింటికంటె తెల్లగా తోచినదానిని తెలుపుగా ఒప్పుకోవడం కంటికి అలవాటు. దీపపు పసుపు వెలుగులోనైనా, నడిమధ్యాహ్నపు వెలుగులోనైనా మల్లెపువ్వు తెల్లగానే తోచడానికి కారణమిదే. ప్రకృతి ఇచ్చిన ఈ సౌకర్యమే తెర ముందు శత్రువవుతుంది. చాలా ల్యాప్‌టాపుల తెలుపు కొద్దిగా నీలివైపు మొగ్గి ఉంటుంది. రెండు నిమిషాలలో కన్ను ఆ నీలిని మరచిపోతుంది కాని, దానిపై కనిపించే జేగురు చప్పగా ఉన్నదన్న భావం మాత్రం మిగిలిపోతుంది. దిద్దేవాడు ఎరుపు పెంచుతాడు, పసుపు కలుపుతాడు. తెరలోని దోషం ఆ విధంగా తలక్రిందులై చిత్రంలోకి చేరుతుంది. అదే చిత్రం మరొక తెరపై తెరిచినా, ముద్రణకు పంపినా కేతవరం గుహ కాలిన ఇటుకల బట్టీవలె వెలిగిపోతుంది.

వెలుగు మోతాదు సంగతీ ఇంతే. రాయలసీమ వేసవిలో కిటికీ ప్రక్కన కూర్చుని, తెర కాంతిని చివరివరకు పెంచి పనిచేయడం పరిపాటి. అంత వెలుగులో ప్రతి చిత్రమూ తెల్లబోయినట్లుంటుంది గనుక దానిని నల్లబరుస్తారు. అచ్చులో అది మసిబారి వస్తే నింద అచ్చువేసినవానిపై పడుతుంది!

రంగును కొలవడానికి మానవుడు ఏర్పరచుకొన్న పద్ధతి మరీ కొత్తది కాదు. సగటు కన్ను రంగును ఎట్లా గ్రహిస్తుందో అంకెలలోనికి దించి, అంతర్జాతీయ దీపన సంఘం 1931లో ఒక ప్రమాణం నెలకొల్పినది. కంప్యూటరు తెరలకు పనికివచ్చే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పరిధిని హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో ప్రతిపాదించగా, 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. తెర తెలుపు సుమారు 6500 కెల్విన్ల పగటి వెలుగును పోలి ఉండవలెను. నలుపు నుండి తెలుపు దాకా మెట్లు 2.2 అనే ఘాతాంకానికి దగ్గరగా సాగవలెను. మసక వెలుతురు గల గదిలో తెర కాంతి చదరపు మీటరుకు 80 నుండి 120 క్యాండెలాల మధ్య ఉంటే చాలునని అనుభవజ్ఞుల మాట. ఎండ పడే వరండాలో ఈ లెక్క చెల్లదు. తెర పెంచుకోవడం కంటె గది మార్చుకోవడమే మేలు.

తెరను సరిచేయడం ఒక క్రమం గల పని. ముందుగా, రాత్రివేళ తెరను పసుపుగా మార్చే ఏర్పాటునూ, గది వెలుతురును బట్టి కాంతిని తనంతట తానే హెచ్చించి తగ్గించే ఏర్పాటునూ, బ్యాటరీ పొదుపు కొరకు వెలుగునీడలను సవరించే ఏర్పాటునూ ఆపివేయవలెను. ఇవి పనిచేస్తున్నంతసేపు ఏ కొలతా నిలువదు. తెరను అరగంట వెలిగించి ఉంచిన పిమ్మట కలరిమీటర్ అనే చిన్న పరికరాన్ని తెరకు ఆనించి వ్రేలాడదీస్తారు. కంప్యూటరు వరుసగా రంగు గళ్లను చూపుతూ పోతుంది. పరికరం వానిని కొలుస్తుంది. అడిగిన రంగుకూ వచ్చిన రంగుకూ గల తేడాను లెక్కగట్టి, ఆ తెర నడవడిని వర్ణించే ప్రొఫైల్ అనే చిట్టాను సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఆర్గిల్ సీఎంఎస్ అనే ఉచిత సాధనం ఈ పనికి చాలా కాలంగా పేరుపొందినది. ఐతే ఈ చిట్టాను చదివి దాని ప్రకారం రంగును మార్చుకొనే కార్యక్రమాలలోనే చిత్రం యథార్థంగా కనబడుతుంది. చదవని కార్యక్రమంలో పడిన శ్రమ చాలావరకు వృథా. తెరలు కాలక్రమాన మారుతాయి గనుక నెలకొకసారి ఈ కొలతను మరల చేయడం మంచిది.

ఖరీదైన తెర లేనివారు నిరాశపడనక్కరలేదు. చౌక ల్యాప్‌టాపుల తెరలు చాలావరకు ఎస్‌ఆర్‌జీబీ పరిధిలో మూడింట రెండు వంతులకు అటు ఇటుగా మాత్రమే చూపగలవు. పెండ్లిపట్టుచీర కుంకుమరంగు, మేలిమి పసుపు అక్కడ ఒదగవు. ఎంత కొలిచినా ఆ తెర వానిని చూపలేదు. కాని జేగురు నెమ్మదియైన రంగు. గండికోట దగ్గర పెన్నను ఒరుసుకొని నిలిచిన ఎర్రరాళ్లు గాని, కడప బండ నల్లని బూడిదవన్నె గాని, ఎండిన చేల మట్టిరంగు గాని ఇటువంటివే. ఇవి సామాన్యమైన తెర పరిధిలోనే ఇముడుతాయి. కొలిచి చిట్టా కట్టిన చౌక తెర, కొలవని ఖరీదైన తెర కంటె వీనిని నిజానికి దగ్గరగా చూపగలదు. ఈ సీమ రంగులు పేదవాని తెరకు కలిసివచ్చినవని చెప్పవచ్చును.

తెర ఎంత నిజాయితీగలదైనా కెమెరా తెచ్చినది తప్పుడు వార్తయైతే లాభం లేదు. ఎర్రరాతి గుహలో నాలుగు వైపుల నుండి ఎర్రటి వెలుగు ప్రతిఫలిస్తుంది. పైనుండి ఆకాశపు నీలం పడుతుంది. కెమెరాను దాని ఇష్టానికి వదలితే, చిత్రమంతా ఎరుపు నిండి ఉన్నదని, అది వెలుగు దోషమని పొరబడి, ఆ ఎరుపును తీసివేస్తుంది. రాయి తానే ఎర్రనిదని పాపం దానికేమి తెలుసు? అందువలన ప్రతి బొమ్మ వద్దా మొదటి చిత్రంలో 24 రంగు గళ్ల పట్టికను రాతిని తాకకుండా ప్రక్కన పట్టుకొని తీయవలెను. 1976లో వెలువడిన ఈ పట్టికలో ప్రతి గడికీ నిర్ణీతమైన విలువ ఉన్నది. కెమెరా అందించిన ముడిఫైలును సవరించక భద్రపరచి, దిద్దిన ప్రతిని వేరుగా ఉంచవలెను. పట్టికలోని బూడిదగళ్లు తెరపై ఏ రంగు వైపూ మొగ్గక నిలిచినప్పుడు దిద్దుబాటు దారిన పడినట్లు.

మాసిపోయిన గీతలను బయటపెట్టడానికి 2005లో జాన్ హార్మన్ రూపొందించిన డి-స్ట్రెచ్ అనే సాధనం పరిశోధకుల మన్నన పొందినది. కంటికి ఆనని జేగురు రేఖను అది ప్రకాశమానమైన ఎరుపుగానో, వేరొక రంగుగానో చూపుతుంది. ఆకారాన్ని గుర్తించడానికి అది గొప్ప సహాయం. రంగుకు మాత్రం సాక్ష్యం కాదు. అట్టి చిత్రాన్ని అచ్చువేసేవారు క్రింద ఆ సంగతి వ్రాయకపోతే, చింతకుంట చూడబోయినవారు ఆ మెరుపును బండలపై వెదుకుకొని నిరాశతో తిరిగివస్తారు.

కలరిమీటర్ చౌక వస్తువు కాదన్నది నిజమే. కాని ఒక తెరకు నెలకు కొన్ని నిమిషాలు చాలు. కర్నూలులోనో, కడపలోనో నాలుగు ఫోటో స్టూడియోలు కలిసి, లేదా ఒక కళాశాల చరిత్రశాఖ, ఒకదానిని కొని పంచుకోవచ్చును. పెండ్లి ఆల్బములకూ అది పనికివస్తుంది. రాతిచిత్రాల ఫోటోలను దాచేవారు ఒక్కొక్క ఫైలుతో పాటు తీసిన తేదీ, వేళ, వెలుతురు తీరు, రంగు పట్టిక గల చిత్రం సంఖ్య, దిద్దిన తెర ప్రొఫైల్, దానిని కొలిచిన నాటి తేదీ వ్రాసిపెట్టవలెను. పది యేండ్ల తరువాత కేతవరం మెట్ట ఎక్కేవారి చేతిలో ఉండవలసినవి ఇవే.